కమలకుమారి ఎక్కిన ఓడ

“ఓడ ఎన్ని గంటలకు కదిలింది?”

“ఏడున్నరకు మేడం.”

“ఎక్కడి నుంచి?”

“పిరేయస్ నుంచి. ఏథెన్స్‌కు రేవు అదే. ఐదింటికి హోటల్‌ల అందరిని లేపినం. ఐదు ముప్పావుకు బస్సు రేవుల దింపింది.”

“దిగింది ఎందరు?”

“పన్నెండు మంది. నాతోని పదమూడు.”

“నాక్సోస్ దీవిల ఓడ దిగింది?”

శ్రావణ్ గొంతు సవరించుకున్నాడు. “పదకొండు. నాతోని పన్నెండు.”

సునంద చిన్న నోటుపుస్తకంలో రాసుకుంది. ఆబిడ్స్‌లోని ఆ ట్రావెల్ ఆఫీసుకు ఆమె వచ్చి ఇరవై నిమిషాలైంది. ఎదురుగా కూర్చున్న శ్రావణ్ అక్కడ టూర్ మేనేజరు. ముప్పై దాటిన మనిషి. గ్రీసు చూపిస్తానని పన్నెండు మందిని తీసుకెళ్ళి పదకొండు మందితో తిరిగొచ్చాడు. రాని మనిషి పేరు కమలకుమారి. వయసు అరవై రెండు, ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పి రిటైరైన టీచరు. పోయిన ఆదివారం ఏథెన్స్ నుంచి నాక్సోస్ వెళ్ళే దారిలో మాయమైంది. ఇవాళ శనివారం. సముద్రంలో పడిపోయి ఉంటుందని ఆఫీసువాళ్ళు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నారు. పడలేదని నమ్ముతున్నది చెల్లెలు జయమ్మ ఒక్కతే. ఆ జయమ్మే సునందకు ఈ కేసు అప్పగించింది.

సునందకు యాభై రెండేళ్ళు. అందులో ఇరవై రెండు నాంపల్లి స్టేషన్‌లో ‘విచారణ’ అని రాసున్న కౌంటర్ వెనకాల గడిచాయి. ఆ ఉద్యోగం మానేసి, స్టేషన్ రోడ్డులోనే గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పుడు బోర్డు మీద ఏం రాయాలని పెయింటర్ అడిగాడు. ‘విచారణ’ అనే రాయమంది. పని మారినా మాట మారలేదు కదా అని ఇప్పటికీ ఆ బోర్డు చూసి నవ్వుకుంటుంది. కౌంటర్‌లో కూర్చుని ఆమె నేర్చుకున్నది ఒకటుంది. రైలు ఎందుకు ఆలస్యమైందో ఎవరైనా కథ చెప్పగలరు. ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు ఆగిందో మాత్రం కథ చెప్పలేరు. అందుకే ఆమె మనుషులను కారణాలు అడగదు, టైములు అడుగుతుంది.

“టీచరమ్మను ఆఖరుకు ఎప్పుడు చూసినవ్?”

“పదింటికి. పై అంతస్తుల రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డరు. ఫొటో తీసి గ్రూపుల పెట్టిన.”

“తర్వాత?”

“పదకొండు నలభైకి పారోస్‌ల ఆగింది. మనోళ్లెవ్వరు దిగలే. పన్నెండు నలభైకి నాక్సోస్. కిందికొచ్చి లెక్కపెడితే ఒకరు తక్కువ. ఓడోళ్లు గూడ వెతికిన్రు. పెట్టె ఉన్నది, మనిషి లేదు.”

“ఇప్పుడు నాక్సోస్ నుంచి వెనుకకు చెప్పు.”

శ్రావణ్ చెప్పాడు. ఒక్క నిమిషం కూడా తప్పు పోలేదు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడు కూడా మధ్యలో ఒకసారి తడబడతాడు. ఇతను తడబడలేదు. సునందకు లోపల చక్కిలిగింత పెట్టినట్టయింది. అబద్ధం ఉన్నచోటు ఇంత త్వరగా దొరికిన రోజున ఆమెకు ఎండ కూడా చల్లగానే ఉంటుంది.

ఆమె తన ఫోన్ తీసి, జయమ్మ పంపిన ఫొటో తెరిచి బల్ల మీద పెట్టింది. కమలకుమారి ఇనుప కటకటాలకు ఆనుకుని నవ్వుతోంది. వెనకాల నీళ్ళు. ఎడమచేతికి పాతకాలపు కీ ఇచ్చే గడియారం.

“ఇది పదింటికి తీసినవ్.”

“ఔ మేడం.”

“గ్రీసు టైం పది.”

“ఔ.”

సునంద రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. “గడియారం చూడు. చిన్న ముల్లు తొమ్మిదికి జర ఇవతల, పెద్ద ముల్లు పది మీద. ఎనిమిది యాభై.”

“ఆగిపోయిందేమో మేడం. పాతది కదా.”

“ఆగలే. అది మన హైదరాబాద్ టైం. అక్కడ దిగినంక అందరు గడియారాలు మార్చుకున్నరు, టీచరమ్మ మార్చుకోలే. చెల్లె బీపీ గోళి ఏసుకునే టైం తనకు తెలవాలన్నదంట. రెండున్నర గంటలు తీసేసుడు భూగోళం టీచరుకు ఒక లెక్కనా? నువ్వు తియ్యి. ఎనిమిది యాభైల నుంచి రెండున్నర.”

శ్రావణ్ ఫోన్‌ను తన వైపు తిప్పుకుని చూశాడు.

“ఆరు ఇరవై,” అంది సునంద. “ఓడ కదలడానికి ఇంకా గంటా పది నిమిషాలున్నది. ఇంకొకటి చూడు. ఆమె వెనుక ఈ తాడు. తొడంత లావున్నది. బిర్రుగ గుంజి కట్టేసి ఉన్నది. నడిచే ఓడను ఎవరన్న కట్టేస్తరా శ్రావణ్? ఆమె నిలబడ్డది ఓడ మీద గాదు, రేవు గట్టు మీద. నువ్వు చెప్పే ఓడ టీచరమ్మ ఎక్కనే ఎక్కలే.”

శ్రావణ్ ముఖంలో రంగు పోయింది. అతని చూపు ఒక్కసారి పైకి, గది మూలనున్న కెమెరా వైపు వెళ్ళి వచ్చింది. తర్వాత అతను బల్ల మీదున్న టూర్ పుస్తకం ఒకటి తెరిచి, దాంట్లో ఏదో చూపిస్తున్నట్టు వేలు పెట్టి ముందుకు వంగాడు. సునంద కూడా వంగింది.

“టీచర్ మంచిగనే ఉన్నరు,” అన్నాడు పేజీ వైపే చూస్తూ. “సముద్రంల పడ్డరని నేను ఎన్నడు అనలే మేడం. ఓడల చూసిన, దిగేటప్పుడు లేరు అన్న. తక్కినదంత మహీధర్ సార్ కలిపిండు.”

మహీధర్ ఆ ఆఫీసు యజమాని.

“ఏ ఓడ ఎక్కింది?”

“చెప్పలే. నీకు తెలవకుంటెనే నీకు మంచిది అన్నరు. పెట్టె తీసుకపో, రెండు మూడు దినాల్ల వచ్చి కలుస్త అన్నరు. ఫోన్ బంద్ పెట్టిన్రు. సిమ్‌లు మా ఆఫీసు ఇచ్చినయే కదా, మనిషి ఎక్కడున్నది ఆఫీసుల కనబడ్తది. నేను వాపస్ పోయేలోపల రాకుంటే జయమ్మ గారికి ఒక్కరికే, ఇంటికి పోయి చెప్పమన్నరు. రెండుసార్లు పోయిన మేడం. రెండుసార్లు మహీధర్ సార్ పెట్టిన డిటెక్టివ్ జనార్దన్ సార్ గాడనే కూసున్నడు. చాయ తాగి వచ్చేసిన.”

“ఎవరి కోసం పోయింది?”

శ్రావణ్ పేజీ తిప్పాడు. “ఉజ్వల. టీచర్ దగ్గర చదువుకున్న పిల్ల. గౌలిగూడల లారీ ఆఫీసుల పనిచేసే గట్టయ్య బిడ్డ. హోటల్ పని అని మా ఆఫీసే గ్రీసు పంపింది. ఎయిర్‌పోర్ట్‌కు తీసుకపోయి ఎక్కించింది నేనే.” అతను పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. “ఆ పిల్ల దిగంగనే పాస్‌పోర్ట్ గుంజుకున్నరని నాకు తర్వాత తెలిసింది.”

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఎవరో శ్రావణ్‌ను పిలిచారు. అతను పుస్తకం మూసి లేచి నిలబడి, “ఇంకేమన్న డౌట్లుంటే ఫోన్ చెయ్యున్రి మేడం,” అన్నాడు గట్టిగా.

“డౌట్లు తీరినయ్ బాబూ,” అంది సునంద అంతే గట్టిగా.

మెట్లు దిగుతుంటే ఆమెకు పాడాలనిపించింది. ఆరు రోజులుగా ఊరంతా చచ్చిపోయిందనుకుంటున్న మనిషి బతికే ఉంది! గట్టయ్యను లారీ ఆఫీసులో కలిసి, కూతురు ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో, పోయినప్పుడు కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారో అడిగి రాసుకునేసరికి రెండు గంటలు పట్టింది. వెనక్కి వస్తూ మొజంజాహీ మార్కెట్‌లో ఆగి సీతాఫలం ఐస్‌క్రీం ఒకటి తిని, అదే చేత్తో జయమ్మకు ఒక డబ్బా కట్టించుకుంది. నాంపల్లిలో అక్కాచెల్లెళ్ళు ఉండే ఇంటి గుమ్మం తొక్కేసరికి నాలుగూ పది.

ముందు గదిలో కుర్చీలో కాలు మీద కాలేసుకుని జనార్దన్ కూర్చుని ఉన్నాడు.

అతనిదీ అదే వృత్తి. ఒకప్పుడు పోలీసు. ఇప్పుడు ఏసీ ఆఫీసు, నలుగురు మనుషులు, నల్లగా రంగేసిన జుట్టు. మూడు కేసుల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. రెండు సునంద గెలిచింది. మూడోది తనదని అతను చెప్పుకుంటాడు. ఈసారి మహీధర్ అతన్ని పెట్టుకున్నాడు, ‘కుటుంబానికి సాయంగా’.

“రాన్రి రాన్రి సునంద మేడం,” అన్నాడు కూర్చున్నచోటి నుంచే. “ప్లాట్‌ఫారం నంబరు తెలిసిందా?”

“తెలిసింది. నువ్వు నిలబడ్డది మాత్రం కాదు.”

ఆమె ఆగకుండా ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని వంటింట్లోకి నడిచింది. జయమ్మ పొయ్యి దగ్గర ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆరు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టు కనిపిస్తోంది.

“జయక్కా, చప్పుడు చెయ్యకుండ విను,” అంది సునంద ఆమె చెవి దగ్గర. “మీ అక్క బతికే ఉన్నది. కావాలనే పోయింది. మంచి పని మీద పోయింది.”

జయమ్మ మెల్లగా స్టవ్ ఆర్పింది. గట్టుకు వీపు ఆనించి అలాగే నేల మీదికి జారి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది.

“దొంగది,” అంది ముక్కు తుడుచుకుంటూ. “చిన్నప్పటి నుంచి గంతే. అంగట్లకు పోయొస్తనని చెప్పి ఊరవతల వాగు దాక పోయి, అది యేడ పుడ్తదో చూసొచ్చేది. రానీ, చెప్త దాని పని.” తర్వాత డబ్బా మూత తీసి, చెంచాతో ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆరు రోజుల తర్వాత ఆమె ఇష్టంగా తిన్నది అదే కాబోలు.

సునంద కమలకుమారి గదిలోకి వెళ్ళింది. అంతకుముందు ఒకసారి చూసిన గదే, కానీ అప్పుడు సముద్రంలో పడిన మనిషి గదిగా చూసింది. ఇప్పుడు ప్రయాణం కట్టిన మనిషి గదిగా చూడాలి. మంచం, పుస్తకాల అర, గోడ మీద ప్రపంచపటం, కిటికీ పక్కన అద్దం పరిచిన బల్ల. అద్దం కింద పచ్చ గుడ్డ. గుడ్డ మీద పాత విద్యార్థినుల ఫొటోలు, పెళ్ళి శుభలేఖలు, ఒక బడి వార్షికోత్సవం కాగితం. ఎండ తగిలి గుడ్డంతా వెలిసిపోయింది. ఒక్కచోట మాత్రం, పోస్టుకార్డంత మేర, పచ్చదనం ముదురుగా అలాగే ఉంది. అద్దం అంచున దుమ్ములో నాలుగు వేళ్ళ గుర్తులు. లావు వేళ్ళు, మగవాడివి.

ఆమె అర దగ్గరికి వెళ్ళి బడి అట్లాసు తీసింది. గ్రీసు ఉన్న పేజీ దానంతట అదే తెరుచుకుంది. పిరేయస్ నుంచి సన్నని పెన్సిలు గీత సముద్రంలోకి బయలుదేరింది. అది నాక్సోస్ వైపు దిగలేదు. తూర్పుగా సిరోస్ దీవికి, అక్కడి నుంచి మికోనోస్‌కు, ఇంకా ముందుకు పోయి ఇకారియా అనే పొడవాటి దీవి దగ్గర ఆగింది. పేజీ అంచున టీచరు దస్తూరీలో, పొందికగా, వెళ్ళే ఓడ టైములు. వాటి కింద వచ్చే ఓడ టైములు. ‘బుధ, శని. ఇకారియా 11.15. మికోనోస్ 1.50. సిరోస్ 3.15. పిరేయస్ 7.00.’

సునందకు ఆ చేతిరాతను ముద్దుపెట్టుకోవాలనిపించింది. అన్నేళ్ళు కౌంటర్‌లో కూర్చున్నా ఇంత శుభ్రమైన టైంటేబుల్ ఆమె చూడలేదు. ఇవాళ శనివారం. ఇక్కడ నాలుగున్నర అంటే అక్కడ రెండు. అంతా అనుకున్నట్టు జరిగి ఉంటే ఓడ ఇప్పుడే మికోనోస్ దాటి ఉంటుంది, టీచరు దాంట్లో ఉంటుంది.

“పటాల పుస్తకంల దాక్కున్నదా టీచరమ్మ?”

జనార్దన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సునంద అట్లాసు మూసింది.

“అద్దం కింద నుంచి తీసిన కార్డు ఇయ్యి.”

“ఏం కార్డు?”

“ఆటలొద్దు జనార్దన్. అద్దం ఎత్తేటప్పుడు చేతి రుమాలు పట్టుకోవాలె. పోలీసుల ఉన్నప్పుడు నేర్పలేదా?”

అతను దుమ్ములోని గుర్తుల వైపు చూశాడు. తర్వాత తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. నవ్వు దాచుకోలేదు. చొక్కా జేబులోంచి పోస్టుకార్డు తీసి రెండు వేళ్ళ మధ్య ఆడించాడు. “మీకంటే రెండు దినాలు ముందున్న మేడం. ఈసారి ఒప్పుకోవాలె.”

“ఒప్పుకుంటున్న. ఇయ్యి.”

కార్డు ముందువైపు నీలి నీళ్ళు, కొండ. వెనక గుండ్రటి తెలుగు అక్షరాలు. ‘టీచర్, మీరు పటంలో చూపించిన సముద్రం రోజూ చూస్తున్నాను. వంటింటి కిటికీ నుంచి. బయటికి పోనివ్వరు. నా కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. నాన్నకు చెప్పకండి, తట్టుకోలేడు. నేను బాగున్నానని చెప్పండి. మీ ఉజ్వల.’ స్టాంపు మీద ఇకారియా ముద్ర.

సునంద రెండుసార్లు చదివింది. ఇందాక లారీ ఆఫీసులో గట్టయ్య ‘నా బిడ్డ మంచిగున్నదని టీచరమ్మ చెప్పింది’ అని ఎంత గర్వంగా అన్నాడో గుర్తొచ్చింది.

“ఇది చదివినంక నువ్వేం చేసినవ్?” అంది.

“ఏం చేస్త? నన్ను పెట్టుకున్నోళ్లకు చెప్పిన. టీచరమ్మ మునగలే, పిల్ల కోసం ఇకారియా పోయింది, ఓడల టైములు గూడ ఈ పుస్తకంలనే ఉన్నయని. నిన్న పొద్దున. మహీధర్ సార్ మస్తు ఖుష్ అయిండు. ఏథెన్స్‌ల ఆయన మనిషి ఉన్నడు, గౌతమ్ అని. ఇద్దరిని భద్రంగ తీసుకొస్త అన్నడు.”

సునంద కార్డును తన నోటుపుస్తకంలో పెట్టుకుంది.

“జనార్దన్,” అంది సునంద. గొంతు పెంచలేదు. “ఆ పిల్లను హోటల్ పని అని పంపింది ఎవరు?”

“ఏజెన్సీ ఎవలదో నాకేం తెలుసు?”

“నాకు తెలుసు. ఇవాళ మధ్యాహ్నం ఆ ఏజెన్సీలనే కూసున్న. పంపింది మహీధర్. దిగంగనే పాస్‌పోర్ట్ గుంజుకున్నది ఆయన మనుషులే. గట్టయ్య దగ్గరున్న కాగితం మీద సంతకం గూడ ఆయనదే.” ఆమె నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ అతని ముందు పెట్టింది. “టీచరమ్మ ఎవరి కండ్లు గప్పి పోయిందో, నువ్వు పోయి సరిగ్గ వాళ్లకే చెప్పినవ్.”

జనార్దన్ పేజీ చదివాడు. రంగేసిన జుట్టు కింద నుదురు మీద చెమట కనిపించింది. అతను గట్టివాడే, గొప్పలు చెప్పుకునేవాడే. కానీ చెడ్డవాడు కాదని సునందకు ఎప్పుడూ ఒక అనుమానం.

“నాకు తప్పిపోయిన మనిషిని వెతుకు అన్నరు మేడం,” అన్నాడు. “గంతే చెప్పిన్రు. అమ్మతోడు, గంతే.”

అతను మంచం అంచున కూలబడ్డాడు. సునంద అతన్ని వదిలి ముందు గదిలోకి వచ్చి, గట్టయ్య చూపించిన కాగితం మీది పేర్లు, కార్డులోని మాటలు వరసగా రాయడం మొదలుపెట్టింది. ఏథెన్స్‌లో మన రాయబార కార్యాలయం నంబరు కోసం ఫోన్‌లో వెతికింది. మొదటి నంబరు మోగి మోగి ఆగిపోయింది. రెండో నంబరులో మనిషి దొరికాడు, పేరు చెప్పి పైవాళ్ళను కలుపుతానని లైన్లో పెట్టి మరిచిపోయాడు. అలా ఐదు దాటింది.

ఐదూ ఎనిమిదికి ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగింది.

ఆ ఇంట్లో ఆ ఫోన్ నెలకోసారి మోగితే గొప్ప. జయమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి రిసీవర్ ఎత్తింది. ఒక్క క్షణం విన్నది. ఆమె ముఖం విచ్చుకుంది.

“ఏసుకున్న అక్కా!” అని అరిచింది. “గోళి ఏసుకున్న! ఆరు దినాల సంది పత్తా లేవు, ఫోన్ చెయ్యంగనే గోళి ఏసుకున్నవా అంటవు! నీకసలు మనిషి పానం…” మాట పూర్తి కాలేదు. రిసీవర్‌ను గుండెకు హత్తుకుని సునంద వైపు చాచింది.

సునంద అందుకుంది. “కమలక్కా, నేను సునందను. స్టేషన్ రోడ్డు, విచారణ.”

“ఆ, తెలుసు తెలుసు. కౌంటర్‌ల ఉండేదానివి. కాచిగూడ పాసింజర్ గురించి నాతోని కొట్లాడినవ్ ఒకసారి.” గాలి హోరులో కూడా ఆ గొంతు బడిగంటలా ఖంగుమంటోంది. “చెల్లెది ఈ ఒక్క నంబరే నాకు నోటికొచ్చు, అందుకే దీనికే చేసిన. ఉజ్వలను తీసుకొస్తున్న సునందా! ఓడల ఉన్నం, మికోనోస్ దాటినం. ఇంకేం ఫికర్ లేదని ఇప్పుడు చేస్తున్న.”

“పాస్‌పోర్ట్?”

“దొరికింది. ఆ హోటల్ వంటింట్ల ఒక ముసలావిడ రొట్టెలు కాలుస్తది. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. మూడు దినాలు రోజూ పోయి రొట్టెలు కొన్న. నాలుగో దినం పిల్ల ఫొటో చూపించి, చేతులు జోడించిన. ఇవాళ పొద్దుగాల రొట్టె సంచీల పెట్టి ఇచ్చింది పాస్‌పోర్ట్. వెనుక తలుపు నుంచి పిల్లను గూడ తోలింది. ఇంత వేడి రొట్టె, అడుగున పాస్‌పోర్ట్!” కమలకుమారి పకపకా నవ్వింది. సునందకు కళ్ళు చెమర్చాయి. ఆమె వెనక జయమ్మ రిసీవర్‌కు చెవి ఆనించి తనూ నవ్వుతోంది. గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ జనార్దన్ ముఖం కూడా తేటపడింది.

“అక్కా, ఓడ పిరేయస్‌ల దిగొద్దు,” అంది సునంద. “ముందు సిరోస్‌ల దిగిపోన్రి. రేవు పోలీసుల దగ్గర కూసోన్రి. మహీధర్‌కు తెలిసిపోయింది. ఏథెన్స్‌ల గౌతమ్ అని ఆయన మనిషి మీ కోసం చూస్తుండు.”

“గట్లనా?” అంది కమలకుమారి. భయపడలేదు, పటం మీద కొత్త ఊరు చూసినట్టు అంది. “సరే, సిరోస్ అయితే సిరోస్. మూడుం పావుకు వస్తది.”

జనార్దన్ తన సెల్‌ఫోన్ తీశాడు. “మేడం, గౌతమ్ ఇంకా ఏథెన్స్‌లనే ఉన్నడు. నిన్న రాత్రి మాట్లాడిన, రేవు కాడ ఉంట అన్నడు. ఆగున్రి, ఇప్పుడే చేసి అడుగుత. నేను తప్పు చెప్పిన, టీచరమ్మ రేపొస్తది అని అంట. నా మాట నమ్ముతడు.” చేసిన తప్పు దిద్దుకునే తొందరలో అతను అప్పటికే నంబరు నొక్కేశాడు.

సునంద అడ్డు చెప్పలేదు. మంచి ఆలోచనే అనిపించింది. “అక్కా, ఇంతకు ఈ ఫోన్ యాడిది? మీది బంద్ పెట్టిన్రు కదా,” అని అడిగింది.

“ఇదా? దేవుడు పంపినట్టు ఓడల ఒక తెలుగు పిల్లగాడు కలిసిండు. మికోనోస్‌ల ఎక్కిండు. మన మాటలు వినబడి తనే వచ్చి పలకరించిండు. ఎంత మర్యాద అనుకున్నవ్! మా బ్యాగులు, ఆ రొట్టె సంచీ గూడ, తనే మోస్తున్నడు. ఉజ్వలకు ఆకలైతుందని ఏమన్న తినేటందుకు తెస్తనని పోయిండు. ఇంటికి చేసుకోన్రి ఆంటీ అని ఫోన్ నా చేతుల పెట్టి…”

జనార్దన్ ఫోన్ చెవి నుంచి దించి ముఖం చిట్లించాడు. “వేరే కాల్ మాట్లాడుతున్నడు. మోగుతుంది గానీ ఎత్తుతలేడు.”

అదే సమయంలో రిసీవర్‌లో టక్, టక్ అని చిన్న శబ్దం వినిపించింది.

“ఉండు సునందా,” అంది కమలకుమారి. “ఈ ఫోన్‌కు ఇంకోటేదో వస్తున్నది. ఆ పిల్లగాని దోస్త్ కావచ్చు. పేరు గూడ పడ్తున్నది.” కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది. “జనార్దన్, హైదరాబాద్.”

సునంద చెయ్యి చాచి జనార్దన్ ఫోన్‌ను లాక్కుని కాల్ కట్ చేసింది. రిసీవర్‌లో టకటక ఆగిపోయింది. జనార్దన్ ఆమె ముఖం చూశాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. రిసీవర్ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గాడు.

గోడ గడియారంలో ఐదూ పన్నెండు. సిరోస్ రావడానికి ముప్పై మూడు నిమిషాలుంది.

“కమలక్కా,” అంది సునంద. రైలు అరగంట లేటు అని చెప్పినప్పుడు వాడే చల్లటి గొంతే ఇప్పుడూ వాడింది. “నవ్వుకుంట విను. నేను అడిగేదానికి ఔ, లేదు అని మాత్రం చెప్పు. పాస్‌పోర్ట్ ఇప్పుడు ఉజ్వల చేతుల ఉన్నదా?”

గాలి హోరు. దూరంగా ఎవరివో అడుగులు, పళ్ళెం పెట్టిన చప్పుడు, ‘ఆంటీ, అయిందా?’ అని ఒక కుర్రవాడి తియ్యటి గొంతు.

“లేదు,” అంది కమలకుమారి నవ్వుతూ.